తేనెటీగల పాఠం

జూన్ 17, సునాబెడ

ముందుగా క్షమాపణ.

ఈ డైరీలో ఇక మీదట నమోదు కాబోయే సకల ఘోరాలకూ పూర్తి బాధ్యత వహిస్తూ, పృథ్వి అనే నేను, బీకాం సెకండ్ క్లాసు, చేతులు జోడించి, తల వంచి, యావత్ప్రపంచాన్నీ మన్నించమని వేడుకుంటున్నాను. ఒడియా అక్షరాలు అంత గుండ్రంగా ఉన్నందుకు క్షమించండి. ఈ ఊళ్లో మధ్యాహ్నం దాటితే మబ్బు పట్టి, ఆరేసిన బట్టలు మళ్లీ తడుస్తున్నందుకు క్షమించండి. మాచ్‌ఖండ్‌లో నాన్న కాంట్రాక్టు పని ఆగిపోయినందుకు, ఇక్కడ మున్సిపాలిటీలో పంపు ఆపరేటరు పని దొరికి మేమంతా పెట్టేబేడా సర్దుకుని వచ్చినందుకు, సామాను దింపుతుంటే అమ్మ పెళ్లినాటి అద్దం పగిలినందుకు కూడా నన్నే క్షమించండి. నిజానికి అద్దం పగలగొట్టినవాడు లారీ క్లీనరు. అయినా ఫర్వాలేదు, నా మీద వేసేయండి. నాది విశాల హృదయం.

ఇక మామూలు విషయాలు. చెల్లిని బడిలో చేర్చడానికి వెళ్లాం. స్మిత మాచ్‌ఖండ్ కాలనీ బడిలో తెలుగు మీడియంలో ఏడు పాసయ్యింది, అదీ ఫస్టున. ఇక్కడి గవర్నమెంటు హైస్కూలు హెడ్మాస్టరు మనోరంజన్ సారు మర్యాదగానే మాట్లాడారు. మర్యాదగానే పిడుగు వేశారు. "మీ అమ్మాయికి ఒడియా చదవడం వస్తే ఎనిమిది. రాకపోతే ఆరులో కూర్చోబెట్టాలి. శనివారం తీసుకురండి, చదివించి చూస్తాం."

ఇంటికొచ్చాక అమ్మ బియ్యం చేట పక్కన పెట్టేసింది. "రెండేళ్లు ఎనక్కా? ఇప్పటికే పిల్ల నా భుజం దాటీసింది. ఆ సిన్న సిన్న గుంటల మద్దెన ఎలా కూకుంటాదది?"

"ఎందుకే కంగారు?" అన్నాడు నాన్న. "పృథ్వి ఉన్నాడు గదా. కోరాపుట్‌లో మూడేళ్లు సదివేడు. ఒడియా గడగడలాడించీస్తాడు. ఆడు నేర్పీస్తాడు."

అందరూ నా వైపు చూశారు. నేను మీసం లేని చోట మీసం దువ్వి, "నేర్పీస్తాను" అన్నాను.

నేను ఒడియాలో బేరమాడగలను, తిట్టగలను, జోకు వేసి కండక్టరుని నవ్వించగలను. చదవడం మాత్రం బస్సు బోర్డుల వరకే. అది కూడా, ఆ బస్సు ఎక్కడికెళ్తుందో ముందే తెలుసు కాబట్టి.


జూన్ 18

బడి ఎదురుగా సెల్‌ఫోన్లు బాగుచేసే పింటు నా డిగ్రీ క్లాస్‌మేటు. మన తెలుగోడే, కానీ వాళ్ల నాన్న చిన్నప్పుడే ఒడియా బడిలో వేసేశాడు. వాడు చెప్పిన రహస్యం విని నాకు ఒళ్లు పులకరించింది. మనోరంజన్ సారు కొత్త పిల్లలందరి చేతా ఒకే పాఠం చదివిస్తారట. ఆరో తరగతి పుస్తకంలో తేనెటీగల పాఠం. ఏళ్ల తరబడి అదే. ఆ పుస్తకం బల్ల మీద పెడితే చాలు, అలవాటుకొద్దీ ఆ పేజీ దగ్గరే తెరుచుకుంటుందట.

"ఆ పాఠం ఓసారి సదువు, రికార్డు సేసుకుంతాను" అన్నాను.

"ఏటికిరా?"

"పరిశోధన."

"నీ మొకం. సెల్లికి నేర్పక, సెల్లిని బట్టీ కొట్టించీస్తావా?"

"అదీ పరిశోధనే."

వాడు నవ్వి చదివాడు. గొంతు బాగుంటుంది వెధవకి.

స్మిత జ్ఞాపకశక్తి గురించి రాయాలంటే వేరే డైరీ కావాలి. మాచ్‌ఖండ్‌లో కొండ మీంచి పవర్‌హౌసుకి తాడు మీద దిగే వించి బండి దగ్గర మైకులో చెప్పే జాగ్రత్తలన్నీ, దగ్గుతో సహా, అప్పజెప్పేది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది. సాయంత్రానికి సగం వచ్చేసింది.


జూన్ 20

బట్టీ పట్టడం కళ కాదు. చదువుతున్నట్టు కనిపించడం కళ. ఆ కళలో ఈ రోజు నేను ఆచార్యుణ్ణి. వేలు వరస మీద ఎలా జరగాలో, పేజీ ఎక్కడ తిప్పాలో, ఎప్పుడు ఊపిరి తీసుకోవాలో నేర్పించాను. నా మేధస్సుకి పరాకాష్ఠ ఏమిటంటే, రెండో పేరాలో ఒకచోట ఆగి, నుదురు ముడిచి, కష్టమైన అక్షరాన్ని కూడబలుక్కుంటున్నట్టు నటించమన్నాను. తప్పు లేని చదువుని ఎవరూ నమ్మరు.

"ఇది మోసం గాదా అన్నియ్యా?" అంది.

"మోసమేటే అమ్మీ, దారి. ముందు లోపలికెల్లు. ఎల్లేక అచ్చరాలు నేను మెల్లగా నేర్పనా? కానీ ఎవులికీ సెప్పకు. సెప్తే ఆరులో పడీస్తారు, అమ్మ ఏడుస్తాది."

"సెప్పను."

"ఒట్టు?"

"ఒట్టు."


జూన్ 21

విజయం. జయభేరి. పుష్పవృష్టి.

మనోరంజన్ సారు పుస్తకం తీశారు. పేజీ దానంతటదే తెరుచుకుంది, పింటు చెప్పినట్టే. పక్కన ఒడియా టీచరు గౌరీ దీదీ. ఇక్కడ టీచరమ్మల్ని దీదీ అంటారు. "పఢ మా" అందావిడ, చదువమ్మా అని. స్మిత చదివింది. అనగా చదివింది. రెండో పేరాలో నుదురు ముడిచింది చూడండి, నాకే కళ్లు చెమ్మగిల్లాయి.

దీదీ గుండె మీద చెయ్యి వేసుకుంది. "తెలుగు బడి నుంచి వచ్చిన పిల్ల! మన పిల్లలే ఇంత శ్రద్ధగా చదవరు సార్. ఎవరు నేర్పారమ్మా?"

ఒడియాలో అడిగిన ఆ ప్రశ్న స్మితకి అర్థం కాలేదు. నా వైపు చూసింది. నేను వినయంగా తల వంచుకున్నాను. అది జవాబు అయిపోయింది.

ఎనిమిదో తరగతి. అమ్మ కోడికూర వండింది. లెగ్ పీసు నాకు వేసింది. స్మిత తన పీసు కూడా నా కంచంలో వేసి, "నువ్వే తిను అన్నియ్యా, నువ్వే గదా నేర్పేవు" అంది. మామూలుగానే అంది.


జూలై 2

బడి బాగానే ఉంది. ఇక్కడ ఏప్రిల్‌లోనే చదువు మొదలుపెట్టేసి, ఎండలకి మూసి, మళ్లీ తెరుస్తారట. అందుకని పిల్ల సగం సినిమాలో కూర్చున్నట్టయింది. ప్రార్థన వేరే. దానికి పెదాలు కదిపి సరిపెట్టుకుంటోంది. అన్నంలో డాల్మా, వారానికి రెండుసార్లు గుడ్డు. డాల్మా బాగుందంది. పప్పులో బొప్పాయి ముక్కలు వేస్తారని ఆశ్చర్యపోయింది.

ఒక్కటే చిక్కు. లెక్కల పుస్తకంలో అంకెలు కూడా ఒడియావే. అది నాకు ముందు తట్టలేదు. లెక్కల్లో దానికి ఎప్పుడూ తిరుగులేదు. ఇప్పుడు ఐదు ఏదో ఆరు ఏదో తెలియక బోర్డు వైపు చూస్తూ కూర్చుంటోందట.

సర్దుకుంటుంది. పిల్లలు సర్దుకుంటారు.


జూలై 9

సర్దుకుంటోంది. కాస్త చిక్కింది.


జూలై 16

గేటు దగ్గర గౌరీ దీదీ ఎదురైంది. నన్ను పక్కకి పిలిచింది.

"మీ చెల్లెలికి నా మీద ఏమన్నా కోపమా బాబూ? ఆ రోజు అంత చక్కగా చదివింది. క్లాసులో చదవమంటే లేచి నిలబడి నోరు విప్పదు. నేను బతిమాలాను. కోప్పడ్డాను. మిగతా పిల్లలు పొగరు అంటున్నారు. నా క్లాసు నచ్చలేదేమోనని నాకే అనిపిస్తోంది."

"బిడియం మేడమ్," అన్నాను. "కొండల మీద పెరిగిన పిల్ల. జలపాతం పక్కన మాట్లాడితే వినబడదు కదా, అందుకని మాట్లాడటం అలవాటు తప్పింది."

దీదీ నవ్వింది. ఎవరినైనా నవ్వించగలను నేను. నవ్విన మనిషి ఇంకో ప్రశ్న అడగదు.

దారిలో స్మిత నా చెయ్యి పట్టుకుంది. "దీదీకి నిజం సెప్పీద్దామా? మంచిది ఆవిడ. ఆవిడ నన్ను సూసి బాధపడతంది."

"దసరా సెలవుల దాకా ఓపిక పట్టు. ఈలోగా నేర్పీస్తాను. అప్పుడింక సెప్పడానికి ఏటీ ఉండదు."

"ఎప్పట్నించి నేర్పుతావు?"

"రేపట్నించి."


జూలై 24

ఈ రోజు నుంచే. పింటు తమ్ముడి ఒకటో తరగతి వాచకం తెచ్చాను. ఇద్దరం పక్కపక్కన కూర్చుని అక్షరాలు దిద్దాం. గురువుకీ శిష్యురాలికీ ఒకే పాఠం. శిష్యురాలు గురువుని దాటిపోయింది. గురువుకి అది అంత నచ్చలేదు. గురువు పింటు కొట్టుకి వెళ్లిపోయాడు.


జూలై 27

రేపటి నుంచి తప్పకుండా.


ఆగస్టు 6

కొత్త కబురు. పంద్రాగస్టుకి జెండా దగ్గర ఒక పేజీ ప్రసంగం చదవాలి. దీదీ స్మితని ఎంచింది. తరగతి ముందు నోరు విప్పని పిల్ల, అంత మంది ముందు ఒక్కసారి చదివేస్తే బిడియం పోతుందని ఆవిడ లెక్క. ఇంకో అమ్మాయికి ఇవ్వమని క్లాసంతా గోల పెట్టినా ఒప్పుకోలేదట. "ఆ రోజు నేను విన్నాను, మీరు వినలేదు" అందట.

అమ్మ మురిసిపోతోంది. నాన్న డ్యూటీ మార్చుకుంటానన్నాడు.

స్మిత పెరట్లో బట్టల తీగ దగ్గర నన్ను నిలదీసింది. "కాగితం ముందే ఇయ్యమని పక్క బెంచీ తెలుగు పిల్ల సేత అడిగించేను. పెద్దసారు ఆ పొద్దున్న దాకా దిద్దుతానే ఉంటారంట. అప్పుడే ఇస్తారంట. ఇంక ఎలా బట్టీ కొడతాను?"

"పింటుని అడిగి..."

"పింటు అన్నియ్య పద్మపూర్ ఎల్లిపోయేడు గదా, మావ పొలంలో ఊడుపులకి. నువ్వే సెప్పేవు."

నిజమే. నేనే చెప్పాను.

"జొరం వచ్చిందని పడుకో" అన్నాను.

"దీదీ నాకోసం తెల్ల రిబ్బన్లు తెచ్చింది అన్నియ్యా. ఆవిడ బేగులోంచి తీసి ఇచ్చింది." తీగ మీంచి తడి బట్టలు లాగుతూ, "నువ్వు ఎల్లి సెప్పు. నాను సెప్తే నమ్మరు. నువ్వు పెద్దోడివి" అంది.

చెబుతాను. పదమూడున వెళ్లి దీదీతో విడిగా మాట్లాడతాను. ఎలా మొదలుపెట్టాలో కూడా ఆలోచించాను. హాస్యంగా మొదలుపెడతాను.


ఆగస్టు 13

వాన. గేటు దాకా వెళ్లాను. దీదీ పిల్లలతో దండలు గుచ్చిస్తోంది. అందరి ముందూ బాగోదు.


ఆగస్టు 14

రేపు పొద్దున్నే, జెండాకి ముందు. ఖాయం.


ఆగస్టు 15

రాయాలి కాబట్టి రాస్తున్నాను.

అమ్మ పట్టుచీర కట్టింది. నాన్న యూనిఫాం ఇస్త్రీ చేసుకుని వచ్చాడు. వాన లేదు, ఎండ కూడా లేదు. నేను దీదీ కోసం వెతికాను. ఆవిడ మైకు దగ్గర ఉంది. వెళ్లబోయాను. ఎవరో కుర్చీలు సర్దమన్నారు. కుర్చీలు సర్దాను. చాలా శ్రద్ధగా సర్దాను.

స్మితని పిలిచారు. తెల్ల రిబ్బన్లు. మనోరంజన్ సారు కాగితం చేతికిచ్చారు. అది కాగితం వైపు చూసింది. తర్వాత జనంలో నన్ను వెతికింది. నేను కుర్చీల వెనక ఉన్నాను. చాలాసేపు మైకులో దాని ఊపిరి ఒక్కటే వినబడింది. దీదీ పక్కనుంచి మెల్లగా, "పఢ మా" అంది.

ఆ మాట వినగానే స్మిత మొదలుపెట్టింది. గొంతు ఖంగుమంది. తేనెటీగలు గుంపుగా బతుకుతాయి. వాటికి ఒక రాణి ఉంటుంది. వేలు కాగితం మీద వరస వరసకీ జరుగుతోంది. రెండో పేరాలో ఆగి నుదురు ముడిచింది.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఆరో తరగతి పిల్లలు గుర్తుపట్టారు. ఒకడు జుయ్‌మన్నాడు. తర్వాత అందరూ. మైదానం మైదానమంతా తేనెపట్టు అయిపోయింది. స్మిత ఆగలేదు. చివరి వాక్యం దాకా చెప్పి, నమస్కారం పెట్టి, దిగింది.

అమ్మ నన్నడిగింది. "ఎందుకురా నవ్వుతున్నారు? బాగానే సదివింది గదా?"


ఆగస్టు 16

ఏమీ లేదు.


ఆగస్టు 18

స్మిత బడికి లేవనంది. వీధిలో పిల్లలు దాన్ని మహుమాఛి అని పిలుస్తున్నారు. తేనెటీగ అని అర్థం. కిటికీ దగ్గరకొచ్చి జుయ్‌మంటున్నారు. ఇద్దర్ని తరిమాను. ఒకడికి చాక్లెట్ ఇచ్చాను, మానేయమని. వాడు తిని మళ్లీ జుయ్‌మన్నాడు.

హెడ్మాస్టరు అందర్నీ రమ్మన్నారు. వెళ్లాం. సమావేశం సజావుగా ముగిసింది. పెద్దలు సహృదయంతో వ్యవహరించారు. స్మిత ఆరో తరగతిలో కూర్చోవాలని నిర్ణయమైంది. నా గురించి ఎవరూ ఏమీ తప్పుగా అనుకోలేదు.


ఆగస్టు 19

సమావేశం సజావుగా ముగిసిందని నిన్న రాశాను. చేతిరాత బాగుంది.

తిరిగొచ్చేటప్పుడు దారంతా అమ్మ దాన్ని తిడుతూనే ఉంది. "నీ కోసం ఆడు ఎంత అవస్త పడ్డాడే! ఆడి పరువు కూడా తీసీసేవు గదే అమ్మీ!" స్మిత చెప్పులు చేత్తో పట్టుకుని, బురద తప్పించుకుంటూ నడిచింది. నాన్న నా భుజం మీద చెయ్యి వేశాడు. ఓదార్చడానికి. ఆ చెయ్యి ఇంకా బరువుగానే ఉంది.


ఆగస్టు 21

బడికి వెళ్లింది. నేను దిగబెడతానన్నాను. "ఒద్దులే అన్నియ్యా, నాను ఎల్తాను" అంది.


ఆగస్టు 26

ఆరో తరగతిలో వెనక బెంచీ ఇచ్చారట. ముందు కూర్చుంటే చిన్నపిల్లలకి బోర్డు కనబడదు. గౌరీ దీదీ మాత్రం ఇప్పుడు దానితో అవసరానికి మించి మాట్లాడదట. తిట్టదు కూడా. "తిట్టినా బాగుణ్ణు" అంది స్మిత అమ్మతో.

నేను వాచకం తీసి, "రా, నేర్పుతాను" అన్నాను. నవ్వింది. ఎగతాళిగా కాదు. చిన్నపిల్లాడు వంట చేస్తానంటే నవ్వినట్టు.


సెప్టెంబరు 7

మధ్యాహ్నం గుమ్మంలో కూర్చుని స్మిత ఆరో తరగతి పుస్తకం తెరిచింది. తేనెటీగల పాఠం. ఈసారి నోరు విప్పలేదు. వేలు పెట్టుకుని ఒక్కో అక్షరం కలుపుకుంటూ వెళ్లింది. ఒక్క పేజీకి పొద్దు వాలింది. అమ్మ రెండుసార్లు టీ తాగమని పిలిచింది.

తర్వాత నన్ను పిలిచింది. "అన్నియ్యా, ఇలా సూడు."

చూశాను. రెండో పేరా మీద వేలు పెట్టింది.

"ఇక్కడ ఆగి, మొకం సిట్లించమన్నావు గదా, కష్టమైన అచ్చరం అని? ఇక్కడ అలాటిదేటీ నేదు. ఫుల అని ఉంది. పువ్వు. అంతే. రెండే అచ్చరాలు."

నవ్వింది. నేనూ నవ్వబోయాను. నాకు చేతనైన పని అదొక్కటే. రాలేదు.

కాబట్టి మొదటి పేజీలో కోరిన క్షమాపణలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. అద్దం లారీ క్లీనరే పగలగొట్టాడు. అక్షరాలు గుండ్రంగా ఉండటం వాటి ఇష్టం. వాన నాది కాదు. బట్టీ కొట్టించడం కూడా, ఎలాగోలా, ప్రేమతోనే చేశానని చెప్పుకోగలను. చెప్పుకుంటూనే ఉన్నాను.

ఆగస్టు పద్దెనిమిదిన హెడ్మాస్టరు గదిలో ఏం జరిగిందో ఇక్కడ రాయలేదు.

అమ్మా నాన్నా కుర్చీల్లో కూర్చున్నారు. నేను నిలబడ్డాను. స్మిత తలుపు దగ్గర నిలబడింది, జడల్లో ఇంకా అవే తెల్ల రిబ్బన్లు. గౌరీ దీదీ కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆవిడ స్మితని ఏమీ అడగలేదు. నన్ను అడిగింది. "నువ్వే నేర్పావన్నారు. చదువుకున్నవాడివి. ఈ పిల్లకి చదవడం రాదని నీకు తెలుసా?"

నాన్న నా వైపు చూశాడు. నమ్మకంగా చూశాడు.

నేను స్వచ్ఛమైన ఒడియాలో, ఎక్కడా తడబడకుండా అన్నాను. "తెలియదు మేడమ్. మమ్మల్ని కూడా మోసం చేసింది."

రెండు నెలలు ఆ బెంచీ మీద నోరు మూసుకుని కూర్చున్న పిల్లకి అప్పటికి ఒడియా అర్థమవుతోందని నేను అనుకోలేదు. స్మిత తల ఎత్తి నన్ను చూసింది. తర్వాత దీదీ వైపు తిరిగింది.

"హఁ దీదీ," అంది. "ముఁ కరిఛి." అవును దీదీ, నేనే చేశాను.

అది ఎవరూ రికార్డు చేసి ఇచ్చింది కాదు. దాని నోట సొంతంగా వచ్చిన మొదటి ఒడియా మాట అది. దీదీ అది కూడా గమనించి, "చూశారా, మాట్లాడుతుంది!" అంది.

నేను అక్కడే ఉన్నాను. విన్నాను. అవునన్నట్టు తల ఊపాను.